సిద్ధం చేసుకున్న జవాబు సత్యమవుతుందా: ఉద్యోగపు ఇంటర్వ్యూ, వాక్కు ధర్మం

ఉద్యోగం కోరి వచ్చిన అభ్యర్థి, తనను అడగబోయే ప్రశ్నలను ముందే ఊహించి, వాటికి జవాబులు కూర్చుకొని, పలుమార్లు వల్లించుకొని, ఆ తరువాత ఇంటర్వ్యూ గదిలో అవి అప్పటికప్పుడు తోచినట్లుగా పలకడం సత్యవర్తనం అవుతుందా కాదా అన్నది పైకి చిన్న సందేహంలా కనిపిస్తుంది గాని, మాటకూ మనసుకూ మధ్య ఉండవలసిన సంబంధం ఏమిటన్న ప్రాచీనమైన ప్రశ్నకు అది నేటి రూపం. మీ గురించి చెప్పండి, మిమ్మల్నే ఎందుకు తీసుకోవాలి, మీ బలహీనత ఏమిటి, పాత ఉద్యోగం ఎందుకు వదిలారు, ఐదేళ్ల తరువాత ఎక్కడ ఉంటారు అనే కొద్దిపాటి ప్రశ్నలు దాదాపు ప్రతి సంస్థలోనూ వినబడతాయి. వాటికి తయారు జవాబులు శిక్షణ కేంద్రాల్లోనూ పుస్తకాల్లోనూ వీడియోల్లోనూ దొరుకుతాయి. ఒకే వాక్యాన్ని ఒక్క ఉదయంలోనే అనేకమంది నోట వినవలసి వచ్చిన నియామక అధికారికి, ఆ వాక్యం అబద్ధమని చెప్పడానికి ఆధారమూ ఉండదు, నిజమని నమ్మడానికి కారణమూ ఉండదు.

ఈ విషయంలో రెండు సులభమైన అభిప్రాయాలు ప్రచారంలో ఉన్నాయి. ముందుగా తయారు చేసుకున్న మాట నటనే కాబట్టి అది సత్యం కాజాలదని, మనసులో ఉన్నది ఉన్నట్టు ఆ క్షణాన చెప్పేయడమే నిజాయితీ అని కొందరు భావిస్తారు. ఇంటర్వ్యూ నియమాలు ఇరుపక్షాలకూ తెలిసినవే కాబట్టి అక్కడి అతిశయోక్తి ఎవరినీ మోసగించదని, లోకవ్యవహారంలో దానిని అసత్యంగా లెక్కించనక్కరలేదని మరికొందరు వాదిస్తారు. మొదటి అభిప్రాయం సత్యాన్నీ తొందరపాటునూ ఒకటిగా చూస్తుంది. రెండవది జీవితంలో ఒక ముఖ్యమైన ఘట్టాన్ని సత్యధర్మం పరిధి నుంచే తప్పిస్తుంది. వాక్కును గురించి భారతీయ చింతకులు చేసిన విచారణను ఈ సందర్భానికి అన్వయించి చూస్తే ఈ రెండూ నిలబడవు.

పతంజలి యోగసూత్రాల రెండవ పాదంలోని 30వ సూత్రం అహింస, సత్యం, అస్తేయం, బ్రహ్మచర్యం, అపరిగ్రహం అనే ఐదు యమాలను, అంటే మనిషి ఇతరులతో మెలిగేటప్పుడు పాటించవలసిన నియమాలను, పేర్కొంటుంది. వ్యాసుని పేరుతో ప్రసిద్ధమైన భాష్యం ఈ సూత్రం దగ్గర సత్యాన్ని నిర్వచిస్తూ, కంటితో చూచినదీ, అనుమాన ప్రమాణంతో తెలుసుకున్నదీ, నమ్మదగినవారి వల్ల విన్నదీ ఎలా ఉన్నదో మనసూ మాటా అలాగే ఉండాలని మొదట చెప్పి, అంతటితో ఆగక, తనకు తెలిసినదానిని ఎదుటివారికి అందించడానికి పలికే మాటకు మూడు దోషాలు ఉండరాదని నియమిస్తుంది. ఆ మాట వంచితం, అంటే మోసంతో కూడినది, కారాదు. భ్రాంతం, అంటే పలికేవాని పొరపాటు జ్ఞానం నుంచి పుట్టినది, కారాదు. ప్రతిపత్తివంధ్యం, అంటే వినేవానికి ఏ జ్ఞానాన్నీ కలిగించని గొడ్డుమాట, కారాదు. ఇవన్నీ దాటిన తరువాత కూడా ఆ మాట ప్రాణులకు హితం కావాలి గాని హాని చేయరాదని భాష్యకారుడు కలుపుతాడు. ఈ భాష్యానికి తత్త్వవైశారది అనే వ్యాఖ్య రాసిన వాచస్పతిమిశ్రుడు వంచిత వాక్కుకు ఉదాహరణగా యుధిష్ఠిరుణ్ణే చూపుతాడు. కొడుకు మరణవార్త నిజమేనా అని ద్రోణుడు అడిగినప్పుడు, అశ్వత్థామ అనే పేరుగల ఏనుగును మనసులో పెట్టుకొని ధర్మరాజు ఇచ్చిన జవాబులో ప్రతి పదమూ నిజమే అయినా, ద్రోణుని మనసులో అది పుట్టించిన జ్ఞానం అబద్ధం కాబట్టి, ఆ జవాబు సత్యం కాదని ఆయన తీర్పు.

ఈ నిర్వచనంలో గమనింపదగినది ఏమిటంటే, మాట ఎప్పుడు పుట్టిందన్న ప్రశ్నకు దానిలో తావే లేదు. వాక్యం ఆ క్షణాన తోచిందా, నిన్న రాత్రి కూర్చుకున్నదా అన్నదానితో సత్యానికి నిమిత్తం లేదు. చెప్పేవాడు ఎరిగిన వాస్తవం వినేవాని మనసులోకి చెడకుండా చేరిందా లేదా అన్నదే పరీక్ష. అంతేకాదు, భ్రాంతి కూడా సత్యదోషమేనని ఒప్పుకున్నప్పుడు, సిద్ధపడకుండా వెళ్లడమే కొన్నిసార్లు దోషమవుతుంది. మూడేళ్ల కింద తాను చేసిన పనిలో తన వంతు ఎంత, తోటివారి వంతు ఎంత, అది ఎన్ని నెలలు పట్టింది, చివరకు ఏమి ఫలించింది అన్న వివరాలను తీరికగా గుర్తు చేసుకోని అభ్యర్థి, గదిలో కంగారులో తేదీలు తారుమారు చేస్తాడు, బృందమంతా కలిసి చేసినదాన్ని తనదిగా చెప్పేస్తాడు, తాను నిజంగా సాధించినదాన్ని మరచిపోతాడు. అతనికి మోసగించే ఉద్దేశం లేకపోయినా అతని మాట భ్రాంతమే. భగవద్గీత 17వ అధ్యాయం వాక్కుకు సంబంధించిన తపస్సును వర్ణించేటప్పుడు, ఎదుటివారిని కలవరపెట్టని, సత్యమైన, ప్రియమూ హితమూ అయిన మాటతో పాటు స్వాధ్యాయాభ్యాసాన్ని కూడా అందులో చేర్చడం ఇక్కడ స్మరించదగినది. అభ్యాసాన్ని సత్యవాక్కుకు శత్రువుగా కాక తోడుగా చూసిన సంప్రదాయం ఇది.

ముందే సిద్ధమైన సత్యానికి ఉపనిషత్తుల్లోనే ఒక గొప్ప నిదర్శనం ఉంది. ఛాందోగ్యోపనిషత్తు నాలుగవ అధ్యాయంలోని సత్యకామ జాబాలుని కథ గురుకుల ప్రవేశం కోసం జరిగిన ఒక ప్రశ్నోత్తరమే. దాన్ని సాధారణంగా సత్యసంధతకు ఉదాహరణగా చెబుతారు గాని, ఆ సత్యం ఇంటి దగ్గర సిద్ధమైనదన్న సంగతిని అంతగా పట్టించుకోరు. బ్రహ్మచర్యం స్వీకరించి గురువు దగ్గర ఉండదలచిన బాలుడు, తన గోత్రం ఏమిటని అడుగుతారని ముందే ఎరిగి, బయలుదేరే ముందు తల్లిని అడిగాడు. యౌవనంలో పరిచారికగా పలుచోట్ల తిరిగిన రోజుల్లో అతడు పుట్టాడని, అతని గోత్రం తనకు తెలియదని, తన పేరు జబాల, అతని పేరు సత్యకాముడు కాబట్టి సత్యకామ జాబాలుడనని చెప్పుకొమ్మని ఆ తల్లి చెప్పింది. ఆమె మాటల్లో రెండు భాగాలున్నాయి: ఒకటి వాస్తవ వివరణ, రెండవది ఇవ్వవలసిన జవాబు. బాలుడు రెండవ భాగాన్ని మాత్రమే పలికి ఊరుకుంటే అబద్ధమాడినట్లు కాదు, తల్లి మాట దాటినట్లూ కాదు. కాని హారిద్రుమత గౌతముడు గోత్రమేమిటని అడిగినప్పుడు అతడు మొదట తనకు తెలియదని చెప్పి, తల్లిని అడిగిన సంగతినీ, ఆమె చెప్పినదంతటినీ పూసగుచ్చినట్టు వివరించి, చివర తన పేరు చెప్పుకున్నాడు. అడిగిన ప్రశ్నకు సరిపోయే వాస్తవం తన దగ్గర లేనప్పుడు, ఉన్న వాస్తవాన్ని, అది ఎంత ఇబ్బందికరమైనదైనా, అడిగినవాని ముందు పెట్టి నిర్ణయాన్ని అతనికి వదిలిన జవాబు అది. సత్యం నుంచి తొలగలేదు కాబట్టి సమిధలు తెమ్మని, ఉపనయనం చేస్తానని గౌతముడు అన్నాడు. తరువాత బక్కచిక్కిన 400 ఆవులను అప్పగిస్తే, అవి వేయి కానిదే తిరిగి రానని చెప్పి శిష్యుడు అడవికి వెళ్లాడు.

ఈ కథను మెచ్చుకొని ఊరుకోవడం చాలదు. బ్రాహ్మణుడు కానివాడు ఇలా చెప్పలేడన్న అర్థంలో గౌతముడు పలికిన మాట కూడా అదే ఘట్టంలో ఉంది. బ్రహ్మసూత్రాల మొదటి అధ్యాయం మూడవ పాదంలో విద్యాధికారాన్ని చర్చించేచోట, ఈ ఘట్టాన్ని అధికారాన్ని విస్తరించడానికి కాక కొందరికి నిరాకరించడానికి ఆధారంగా శంకరాచార్యుల భాష్యం తీసుకుంది. సత్యం చెప్పడాన్నే యోగ్యతగా గుర్తించిన గురువును చూసే పాఠకుడు, ఆ గుర్తింపును మళ్లీ పుట్టుకకే ముడిపెట్టిన వ్యాఖ్యాన చరిత్రను కూడా చూడవలసి ఉంటుంది. అయినా, అడిగిన వివరం లేకపోయినా అభ్యర్థిని చేర్చుకున్న గురువు ఒకడు ఉన్నాడన్న వాస్తవాన్ని ఏ వ్యాఖ్యా చెరపలేదు.

సత్యకాముని పక్కన కర్ణుణ్ణి నిలిపి చూస్తే విషయం మరింత లోతుగా తెలుస్తుంది. మహాభారత శాంతిపర్వంలో నారదుడు ధర్మరాజుకు చెప్పిన కథ ప్రకారం, బ్రహ్మాస్త్రం నేర్పమని కర్ణుడు మొదట ద్రోణుణ్ణే అడిగాడు; వ్రతనిష్ఠగల బ్రాహ్మణుడో తపస్సు చేసిన క్షత్రియుడో మాత్రమే దానికి అర్హులని ద్రోణుడు నిరాకరించాడు. అప్పుడు కర్ణుడు మహేంద్రగిరికి పోయి, తాను భృగువంశపు బ్రాహ్మణుడనని పరశురామునికి చెప్పి శిష్యుడయ్యాడు. తొడను పురుగు తొలుస్తున్నా కదలని ఓర్పు వల్ల ఆ అబద్ధం బయటపడింది. సమానుడైన యోధునితో పోరాడే అంత్యకాలంలో ఆ అస్త్రం స్ఫురణకు రాదని గురువు శపించాడు. ఈనాడు చేయని ఉద్యోగానికి అనుభవ పత్రం కొనుక్కొనేవారికీ, ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో తన బదులు మరొకరిచేత జవాబు చెప్పించుకొనేవారికీ ఈ కథ హెచ్చరికగా చెప్పదగినదే. అబద్ధపు వివరంతో గడప దాటినవాడు, నేర్చినదో నేర్వనిదో అవసరమైన వేళ అక్కరకు రాని స్థితిలో, ఎప్పుడు బయటపడతానో అన్న భయంతో పనిచేయవలసి వస్తుంది. అయితే న్యాయబుద్ధి గలవారు ఈ కథలో కర్ణుని దోషంతో పాటు ద్రోణుని నిరాకరణను కూడా లెక్కలోకి తీసుకుంటారు. పుట్టుకను బట్టి మూసిన తలుపు ముందు పలికిన అబద్ధానికీ, తెరచి ఉన్న తలుపు ముందు సోమరితనంతో పలికిన అబద్ధానికీ తూకం ఒకటి కాదు. రెండవదానికి మొదటిదాని సానుభూతిని అరువు తెచ్చుకోవడం కర్ణునికి కూడా అన్యాయమే.

సత్యం చెప్పాలన్న నియమాన్ని ఒప్పుకున్నవారికి కూడా, మిమ్మల్నే ఎందుకు తీసుకోవాలన్న ప్రశ్న దగ్గర ఇంకొక చిక్కు ఎదురవుతుంది. అది ఆత్మప్రశంసను, అంటే తనను తాను పొగడుకోవడాన్ని, కోరుతుంది. మన సంప్రదాయం ఆత్మప్రశంసను ఎంత తీవ్రంగా చూసిందో కర్ణపర్వంలోని ఒక ఘట్టం చెబుతుంది: గాండీవాన్ని నిందించిన అన్నను చంపబూని, ఆపైన ఆ పాపానికి తననే చంపుకోబోయిన అర్జునునికి, నీ గుణాలను నీ నోటితోనే పొగడుకో, అది ఆత్మహత్యతో సమానం అన్న భావంతో కృష్ణుడు ఉపాయం చెప్పాడు. అరణ్యపర్వం చివర యక్షుని ముందు నిలబడ్డ యుధిష్ఠిరుడు కూడా, సత్పురుషులు ఆత్మస్తుతిని మెచ్చరని ముందుగా విన్నవించి, తన తెలివికి తోచినంతవరకు జవాబులు చెబుతానని మాత్రమే మాట ఇచ్చాడు. నలుగురు తమ్ములు నేలకూలి ఉండగా, ఆ జవాబుల మీదే వారి ప్రాణాలు ఆధారపడి ఉండగా కూడా అతడు తన యోగ్యతను చాటుకోలేదు. ఇటువంటి సంస్కారంలో పెరిగిన తెలుగు యువతీయువకుల్లో చాలామంది, ముఖ్యంగా గొప్పలు చెప్పుకోకూడదని పెద్దలు నేర్పిన ఇళ్ల నుంచి వచ్చినవారు, ఈ ప్రశ్న దగ్గర నోరు మెదపలేకపోవడం, వారికంటే తక్కువ చేసి ఎక్కువ చెప్పుకోగలిగినవారు ముందుకు పోవడం నిజంగా బాధ కలిగించే విషయం.

ఈ చిక్కుకు పరిష్కారం ఆదిపర్వంలోని యయాతి కథలో దొరుకుతుంది. స్వర్గంలో ఉన్న యయాతిని, తపస్సులో నీవు ఎవరితో సమానుడవని ఇంద్రుడు అడిగాడు. దేవతల్లో గాని మనుష్యుల్లో గాని గంధర్వుల్లో గాని మహర్షుల్లో గాని తనతో సమానుడు కనిపించడని యయాతి అన్నాడు. వెంటనే స్వర్గం నుంచి జారిపోయాడు. ఇంద్రుడు ఎత్తిచూపిన తప్పు ఏమిటంటే, ఇతరుల ప్రభావం ఎంతటిదో తెలుసుకోకుండానే, తనకంటే గొప్పవారినీ సమానులనూ తక్కువవారినీ అందరినీ కలిపి అవమానించడం. యయాతి తపస్సు చేసిన మాట అబద్ధం కాదు. దాన్ని చెప్పడమూ తప్పు కాదు. తెలియనివారితో తనను పోల్చుకొని తీర్పు ఇవ్వడంలో ఉంది దోషం. వ్యాసభాష్యపు పరిభాషలో అది భ్రాంత వాక్కు. ఈ భేదాన్ని పట్టుకుంటే ఇంటర్వ్యూ ప్రశ్నకు జవాబు స్పష్టమవుతుంది. బయట వరుసలో కూర్చున్న మిగతా అభ్యర్థుల శక్తి ఏమిటో ఎరుగని వ్యక్తి, వారందరికంటే తానే మేలని చెప్పడానికి సత్యం ఒప్పుకోదు. కాని ఆ ఉద్యోగానికి ఏయే పనులు వచ్చి ఉండాలో తెలుసుకొని, వాటిలో తాను ఏవి చేసిందీ, ఏ పరిస్థితిలో చేసిందీ, ఏ ఫలితం వచ్చిందీ చెప్పడం ఆత్మప్రశంస కాదు, సాక్ష్యం. అటువంటి సాక్ష్యాన్ని దాచడం వినయమూ కాదు, ఎందుకంటే నిర్ణయం తీసుకోవలసినవానికి దక్కవలసిన జ్ఞానాన్ని అది దక్కనీయదు. ఇక్కడ అస్తేయం, అంటే పరుల సొత్తును తీసుకోకపోవడం అనే మూడవ యమం కూడా తోడు రావాలి: నలుగురు కలిసి చేసిన ప్రాజెక్టులో తాను పరీక్షల భాగం మాత్రమే చూసినప్పుడు, అంతా తానే చేశానని చెప్పడం అసత్యమే కాదు, దొంగతనం కూడా.

బలహీనత గురించిన ప్రశ్నకు శిక్షణ కేంద్రాలు నేర్పే జవాబు అందరికీ తెలిసినదే: పని మొదలుపెడితే పూర్తయ్యేదాకా వదలలేకపోవడమే తన బలహీనత అనో, ప్రతిదీ లోపం లేకుండా ఉండాలని పట్టుబట్టడమే తన లోపమనో చెప్పడం. గుణానికి దోషమనే వేషం వేసి నిలబెట్టిన ఈ జవాబు, అశ్వత్థామ విషయంలో ధర్మరాజు ఇచ్చిన జవాబు కోవలోనిది; పైగా వినేవారెవరూ దాన్ని నమ్మరు కాబట్టి వంచనగా కూడా ఫలించక, ఏ జ్ఞానాన్నీ ఇవ్వని గొడ్డుమాటగా మిగులుతుంది. దీనికి ఎదురుగా ప్రశ్నోపనిషత్తులోని సుకేశ భారద్వాజుడు కనిపిస్తాడు. కోసల రాజపుత్రుడైన హిరణ్యనాభుడు తన దగ్గరకు వచ్చి పదహారు కళలు గల పురుషుని గురించి అడిగితే, తనకు తెలియదని, తెలిస్తే ఎందుకు చెప్పనని, అసత్యం పలికినవాడు వేరుతో సహా ఎండిపోతాడు కాబట్టి అబద్ధం ఆడలేనని తాను చెప్పానని, రాజపుత్రుడు మౌనంగా రథమెక్కి వెళ్లిపోయాడని ఆయన పిప్పలాద మహర్షికి విన్నవించాడు. తెలియదన్న మాటతో అతని కథ ముగియలేదు; ఆ తెలియని విషయాన్నే తెలుసుకోగోరి, సమిధలు చేతబట్టి, ఒక సంవత్సరం గురువు దగ్గర నియమంతో ఉండి, ఆ ప్రశ్ననే తిరిగి అడిగాడు. బలహీనత గురించి సత్యమైన జవాబుకు ఉండవలసిన రెండు అంగాలూ ఇందులో ఉన్నాయి: లోపాన్ని లోపంగానే చెప్పడం, దాన్ని దాటడానికి నిజంగా చేస్తున్న ప్రయత్నాన్ని చూపడం. నలుగురి ముందు మాట్లాడాలంటే తడబడే అభ్యర్థి ఆ సంగతి చెప్పి, ప్రతి వారం జరిగే సమావేశంలో ఒక అంశాన్ని తానే వివరించడం మొదలుపెట్టానని చెబితే, అది జరిగినదే అయితే, ఆ జవాబు ఎన్నిసార్లు అభ్యాసం చేసినా సత్యమే. అయితే ఇంటర్వ్యూ గది పాపనివేదన స్థలం కాదు. పనితో సంబంధం లేని ఇంటి బాధలనూ ఆరోగ్య రహస్యాలనూ అక్కడ విప్పి చెప్పాలని సత్యధర్మం కోరదు, ఎందుకంటే వాటిని తెలుసుకొనే అధికారం అడిగినవానికి లేదు. పాత ఉద్యోగం వదలిన కారణం విషయంలో ఒక్క మాట చాలు: కారణం నిజమైనదే చెప్పాలి గాని, ఎదురుగా లేని పాత అధికారి మీద చాడీలు చెప్పరాదు, గీత 16వ అధ్యాయం దైవీసంపదలో అపైశునాన్ని, అంటే చాడీలు చెప్పకపోవడాన్ని, సత్యంతో పాటే లెక్కించింది.

ఐదేళ్ల తరువాత ఎక్కడ ఉంటారన్న ప్రశ్న వేరే జాతికి చెందినది, ఎందుకంటే దానికి సరిపోయే వాస్తవం ఇంకా పుట్టలేదు. ఇటువంటి ప్రశ్నల విషయంలో బౌద్ధ సంప్రదాయం ఇచ్చిన వివేకం అమూల్యం. ప్రశ్నలు నాలుగు విధాలని అంగుత్తరనికాయ చెబుతుంది: అవుననో కాదనో సూటిగా చెప్పదగినవి, విడదీసి చెప్పదగినవి, తిరిగి ప్రశ్నించి స్పష్టం చేసుకొని చెప్పదగినవి, జవాబివ్వక పక్కన పెట్టదగినవి. ఐదేళ్ల ప్రశ్న రెండవ కోవకు చెందుతుంది. భవిష్యత్తు స్థానాన్ని ఎవరూ చెప్పలేరు, ఇప్పటి సంకల్పాన్ని మాత్రం చెప్పగలరు. ఇదే సంస్థలో మేనేజరుగా ఉంటానని జోస్యం చెప్పే అభ్యర్థి కంటే, ఏ విద్యలో లోతు సంపాదించాలనుకుంటున్నాడో, దానికి ఈ ఉద్యోగం ఎలా ఉపకరిస్తుందో విడదీసి చెప్పే అభ్యర్థి సత్యానికి దగ్గరగా ఉంటాడు. జవాబులను కంఠస్థం చేయించే బదులు, ఎదురైన ప్రశ్న ఈ నాలుగింటిలో దేనికి చెందినదో గుర్తించే అలవాటును నేర్పే శిక్షణ ఉంటే అది అన్నివిధాలా మేలైన శిక్షణ అవుతుంది.

కంఠస్థం చేయడమే తప్పని దీని అర్థం కాదు. పదం, క్రమం, జట, ఘనం అనే పఠన పద్ధతులతో వేదాన్ని అక్షరం పొల్లుపోకుండా కాపాడిన దేశంలో వల్లెవేయడాన్ని నిందించడం తగదు. కాని అదే సంప్రదాయంలోని యాస్కుని నిరుక్తం, అంటే వైదిక పదాల అర్థాన్ని నిర్ణయించే శాస్త్రం, అర్థం ఎరగకుండా వల్లించేవాణ్ణి ఊరికే బరువు మోసే స్తంభంగా లెక్కించింది. వాచస్పతిమిశ్రుడు గొడ్డుమాటకు ఇచ్చిన ఉదాహరణ, వినేవానికి రాని భాషలో మాట్లాడటం; తెలుగునాట క్యాంపస్ నియామకాల కాలంలో దీనికి తలకిందులైన స్థితి తరచు కనిపిస్తుంది. అక్కడ భాష వినేవారికి వస్తుంది, చెప్పేవారికే పూర్తిగా రాదు. తెలుగు మాధ్యమంలో చదివి ఇంజనీరింగ్‌కు వచ్చిన విద్యార్థి, ఎవరో రాసిచ్చిన ఇంగ్లీషు పేరాను గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పి, అందులోని ఒక మాట మీద చిన్న అనుబంధ ప్రశ్న వేయగానే నిలిచిపోతాడు. అతనికి తెలివి తక్కువై కాదు, తనది కాని వాక్యం వెనుక తన అనుభవం లేకపోవడం వల్ల. తనకు వచ్చిన చిన్న వాక్యాల్లో, తాను చేసినదాన్నే చెప్పుకొమ్మని ఎవరైనా ముందే ధైర్యం చెప్పి ఉంటే అతడు అలా నిలిచిపోయేవాడు కాడు.

సిద్ధపడటానికీ జవాబును సిద్ధం చేయడానికీ ఉన్న తేడాను తెలుగువారి అవధాన విద్య అన్నిటికంటే స్పష్టంగా చూపుతుంది. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నించేవారు, సమస్యనో దత్తపదినో నిషిద్ధాక్షరినో వర్ణననో ఇస్తూ ఉంటే, అప్రస్తుతప్రసంగం చేసేవారు మధ్యలో అడ్డుతగిలి దృష్టి చెదరగొడుతూ ఉంటే, అవధాని అప్పటికప్పుడు పద్యపాదాలు చెప్పి, చివర ధారణలో అన్నిటినీ తిరిగి అప్పగిస్తాడు. తిరుపతి వేంకట కవుల వంటివారు ఊరూరా మెప్పించిన ఈ విద్యలో ఏ సమస్య వస్తుందో ముందు తెలియదు. తెలిసి చేస్తే అది అవధానమే కాదు. కాని ఛందస్సు, వ్యాకరణం, పురాణజ్ఞానం, ధారణాశక్తి అన్నవి ఏళ్ల తరబడి సిద్ధం చేసుకొన్నవే. ఋశ్యమూకం దగ్గర మొదటిసారి హనుమంతుని మాటలు విన్న రాముడు, వేదాలూ వ్యాకరణమూ బాగా అభ్యసించనివాడు ఇలా మాట్లాడలేడని, ఇతని మాట మరీ సాగదీతగా గాని మరీ వేగంగా గాని లేదని లక్ష్మణునితో మెచ్చుకున్నట్లు కిష్కింధాకాండ చెప్పడంలోనూ ఇదే దృష్టి ఉంది. రాముడు ఆ మాటల వెనుక చూసింది వాక్యాల తయారీని కాదు, మనిషి తయారీని. న్యాయసూత్రాలు ఐదవ అధ్యాయంలో లెక్కించిన 22 నిగ్రహస్థానాల్లో, అంటే వాదంలో ఓటమికి గురిచేసే లోపాల్లో, అడిగినదానికి సంబంధం లేనిది చెప్పే అర్థాంతరం, కావలసినదానికంటే ఎక్కువ చెప్పే అధికం, జవాబు తోచక నిలిచిపోయే అప్రతిభ, వేరే పని ఉందన్న నెపంతో తప్పుకొనే విక్షేపం ఉన్నాయి. వల్లెవేసిన జవాబు మీదే ఆధారపడిన అభ్యర్థులు పడిపోయేది కూడా ఎక్కువగా ఈ చోట్లనే.

ఇంతవరకు జవాబు చెప్పేవాని ధర్మమే చర్చకు వచ్చింది గాని, ప్రశ్నించేవాని ధర్మాన్ని విడిచిపెడితే ఈ విచారణ ఒంటికాలి మీద నిలుస్తుంది. క్రీ.పూ. 2వ శతాబ్దపు యవన రాజు మినాండరును మిళిందుడనే పేరుతో చూపే మిళిందపఞ్హ గ్రంథంలో, తనతో సంభాషించమని రాజు కోరినప్పుడు, పండితునిలా మాట్లాడితే సంభాషిస్తాను గాని రాజులా మాట్లాడితే సంభాషించనని నాగసేనుడు షరతు పెట్టాడు. పండితులు తప్పు పట్టినా కోపగించరు, రాజులు తమ మాటకు ఒప్పుకోనివారిని దండిస్తారు అన్నది ఆయన వివరణ. రాజు ఆ షరతుకు ఒప్పుకున్నాడు. ఇంటర్వ్యూ బల్లకు అవతల కూర్చున్నవారి చేతిలో జీతం ఉంటుంది, ఇవతల కూర్చున్నవారి చేతిలో అవసరం ఉంటుంది. షరతు పెట్టే స్థోమత అభ్యర్థికి లేదు కాబట్టి, ఆ షరతును తమకు తామే పెట్టుకోవలసిన బాధ్యత అడిగేవారిది. ఈ బాధ్యత నెరవేరలేదన్న అనుమానం బలంగా ఉండబట్టే కేంద్ర ప్రభుత్వం 2016 జనవరి 1 నుంచి గ్రూప్ సి, గెజిటెడ్ కాని గ్రూప్ బి ఉద్యోగాలకు ఇంటర్వ్యూలను తొలగించింది; తెలంగాణ ప్రభుత్వం 2022లో గ్రూప్-1 నియామకాల నుంచి కూడా వాటిని తీసివేసింది. సివిల్ సర్వీసుల పరీక్షలో మాత్రం మొత్తం 2025 మార్కుల్లో 275 మార్కులు ఈనాటికీ వ్యక్తిత్వ పరీక్షకే ఉన్నాయి. అది అడ్డుప్రశ్నలతో కూడిన విచారణ కాదని, సహజంగా సాగే ఉద్దేశపూర్వకమైన సంభాషణ అని యూపీఎస్‌సీ తన నోటిఫికేషన్‌లోనే చెప్పుకుంటుంది. అభ్యర్థులందరికీ పనికి సంబంధించిన ఒకే ప్రశ్నలు వేసి, మార్కులకు ప్రమాణాలను ముందే నిర్ణయించుకొని నడిపే ఇంటర్వ్యూలు, తోచినట్లు సాగే మాటల కంటే నమ్మదగినవని మనస్తత్వ పరిశోధకులు దశాబ్దాలుగా చూపుతూ వచ్చారు.

ఇంటిపేరును బట్టి కులాన్ని ఆరా తీసే ప్రశ్న, పెళ్లెప్పుడు, పిల్లలెప్పుడు అని మహిళను మాత్రమే అడిగే ప్రశ్న, బిడ్డను పెంచడానికి రెండేళ్లు ఉద్యోగం మానిన తల్లిని దోషిలా నిలబెట్టే ప్రశ్న పనికి ఏ విధంగానూ సంబంధించనివి. అవి అభ్యర్థిని అబద్ధం వైపు నెడతాయి, ఆ అబద్ధంలో అడిగినవారికీ వాటా ఉంటుంది. నిజం చెప్పినవానికి ఉద్యోగం పోయి, అందరూ చెప్పే తయారు జవాబు చెప్పినవానికి ఉద్యోగం దక్కే గదిలో సత్యం కోసం అభ్యర్థిని మాత్రమే నిలదీయడం న్యాయం కాదు. కాబట్టి నియామక మండళ్లలో కూర్చునే పెద్దలు బలహీనత ఏమిటని అడిగినప్పుడు నిజమైన బలహీనత వినడానికి సిద్ధపడి అడగాలి. తెలియదని చెప్పిన అభ్యర్థికి ఆ నిజాయితీకి కూడా మార్కులు వేయాలి. పనితో సంబంధం లేని ప్రశ్నను తోటి సభ్యుడు వేసినప్పుడు అక్కడికక్కడే అడ్డుకోవాలి. కళాశాలల్లో విద్యార్థులను ఇంటర్వ్యూలకు తయారు చేసే అధ్యాపకులు జవాబుల జాబితాలు పంచడం మాని, ప్రతి విద్యార్థినీ పక్కన కూర్చోబెట్టుకొని, ఈ నాలుగేళ్లలో నీవు నీ చేతులతో ఏమి చేశావని అడిగి, అతడు చెప్పినదాన్ని ఓపికగా విని, దాన్ని అతని మాటల్లోనే సరిదిద్ది ఇవ్వాలి.